వెనక తలుపు ఉన్న దుకాణం: వేరే లోకంలో వ్యాపారం పెట్టిన మాంగాల గురించి

(ఆదివారం మా చదువరుల సమావేశంలో కర్రీ పాయింట్ నడిపే మా సభ్యురాలు ఒకరు మాట్లాడిన మాటలివి. రాలేకపోయినవాళ్ల కోసం రికార్డింగ్ విని టైప్ చేశాం. తడబాట్లు మాత్రం తీసేశాం.)

నమస్కారమండీ. వెనకవాళ్లకి వినిపిస్తోందా? ఆ ఫ్యాను కాస్త తగ్గించండి బాబూ, కాగితాలు ఎగిరిపోతున్నాయి. కాగితాలంటే పెద్ద ప్రసంగమేమీ రాసుకురాలేదు లెండి, నిన్న సరుకుల చీటీ వెనకాల నాలుగు ముక్కలు గీసుకున్నాను, మధ్యలో నేను "మినప్పప్పు అయిదు కిలోలు" అని చదివితే మీరేం కంగారుపడకండి.

నేను చాలామందికి తెలుసు, తెలియనివాళ్లకి చెబుతున్నా. పదకొండేళ్లుగా కర్రీ పాయింట్ నడుపుతున్నాను. పొద్దున పదకొండింటికి షట్టర్ తీస్తే రెండున్నరకల్లా పప్పూ సాంబారూ అయిపోతాయి, మళ్లీ ఆరింటికి తీయాలి. మధ్యలో నాకంటూ మిగిలేది రెండు గంటలు. ఆ రెండు గంటలు పడుకోవాలి నిజానికి, మా ఆయన రోజూ అదే అంటారు. నేను పడుకోను, ఫోన్లో మాంగా, అంటే జపాన్ బొమ్మల కథలు, చదువుతాను. మా అమ్మాయి డిగ్రీలో ఉండగా అలవాటు చేసింది, దాని ఉద్యోగం వచ్చాక అది మానేసింది, నాకు మాత్రం పోలేదు. కుడి నుంచి ఎడమకి చదవాలని తెలియక మొదటి పుస్తకం మొత్తం తిరగేసి చదివాను, అయినా కథ అర్థమైందనే అనుకున్నాను, చూడండి.

ఈరోజు ఏం చెప్పమన్నారంటే, మనలాంటి ఈ కాలపు వ్యాపారాన్ని తీసుకెళ్లి రాజులూ రాక్షసులూ డ్రాగన్లూ ఉన్న లోకంలో పెడతారే, ఆ రకం హాస్యం మాంగాల గురించి. పెద్దవాళ్లు చదివేవి. పెద్దవాళ్లు అంటే ఏ అర్థంలో అని పోస్టరు చూసి ఇద్దరు ఫోన్ చేసి అడిగారట. మంచి ప్రశ్న అండీ, అక్కడే మొదలుపెడదాం.

జపాన్‌లో 'సేయినెన్' అని ఒక మాట ఉంది. వయసొచ్చిన మగవాళ్ల కోసం వేసే పత్రికల్లో వచ్చే బొమ్మల కథలకి ఆ మాట వాడతారు. ఆఫీసు కథలు, వంట కథలు, నేరాలు, చరిత్ర అన్నీ అందులో వస్తాయి. అదే ఉచ్చారణతో ఇంకో 'సేయినెన్' కూడా ఉంది, రాసే అక్షరం వేరు. ఆ రెండోది పుస్తకం అట్ట మీద ముద్ర వేస్తే పద్దెనిమిది దాటినవాళ్లకే అమ్మాలి. చెవికి రెండూ ఒకటే! చెవితో వినేవాడికి పాపం ఏం తెలుస్తుంది. నేను ఈరోజు మాట్లాడేది ఎక్కువగా మొదటి రకం గురించే. ఒక్కటి మాత్రం ఆ రెండో గడప మీద కూర్చున్న పుస్తకం ఉంది, అక్కడికి వచ్చేముందు చెబుతాను, అవధానులు మాస్టారి వయసు వాళ్లు కావాలంటే అప్పుడు టీకి వెళ్లొచ్చు. వెళ్లరా? సరే.

ఇక 'ఇసెకాయ్' అనే మాట. వేరే లోకం అని అర్థం, అంతే. ఇక్కడ మామూలు మనిషి, అక్కడ కత్తులూ మంత్రాలూ. ఈ కథలు చాలావరకు పుట్టింది పత్రికల్లో కాదండీ, ఇంటర్నెట్‌లో. 2004లో 'షోసెత్సుకా ని నారో' అని ఒక సైటు పెట్టారు, 'రచయితలమవుదాం' అని దాని అర్థం. ఎవరైనా రాసి పెట్టొచ్చు, ఎవరైనా ఉచితంగా చదవొచ్చు. అందులో బాగా ఆడినవాటిని ప్రచురణకర్తలు పుస్తకాలు చేశారు, పుస్తకాలని మాంగాలు చేశారు, మాంగాలని యానిమే, అంటే టీవీలో వచ్చే కదిలే బొమ్మల కథలు, చేశారు. ఒక పప్పుతో పొద్దున పప్పు, సాయంత్రం చారు, మిగిలితే రేపు పచ్చడి అన్నట్టు.

మరి వేరే లోకానికి మనిషి వెళ్లేదెలా? ఒకటి, లారీ గుద్దుతుంది. ఇది ఎన్ని కథల్లో జరిగిందంటే చదివేవాళ్లు ఆ లారీకి 'ట్రక్-కున్' అని ముద్దుపేరు పెట్టుకున్నారు, అంటే మన లారీ తమ్ముడు అన్నట్టు. రెండోది, పని చేసీ చేసీ చచ్చిపోవడం. నవ్వుతున్నారు గానీ ఇది నవ్వే విషయం కాదు. అతిపనితో చనిపోవడానికి జపాన్ వాళ్ల దగ్గర విడిగా ఒక మాటే ఉంది, 'కరోషి' అని. స్లైములు, అంటే జిగురు ముద్దల్లాంటి చిన్న రాక్షసులన్నమాట, వాటిని 300 ఏళ్లు చంపుకుంటూ ప్రశాంతంగా బతికే మంత్రగత్తె కథ ఒకటుంది. 2021లో యానిమే కూడా వచ్చింది. ఆ అమ్మాయి మొదటి జన్మలో ఆఫీసులో పనిభారంతో పోయిన మనిషే. ఓవర్‌టైముకి చట్టం ప్రకారం జరిమానాతో కూడిన గట్టి హద్దు అక్కడ 2019 ఏప్రిల్‌లో వచ్చింది, అదీ ముందు పెద్ద కంపెనీలకి, మరుసటేడు చిన్నవాటికి. మామూలుగా నెలకి 45 గంటలు, ఏడాదికి 360. తప్పనిసరైతే ఏడాదికి 720 దాకా, ఒక నెలలో 100 దాటకుండా. నూరు గంటలు దాటకూడదని చట్టం చేయాల్సి వచ్చిందంటే అంతకుముందు ఎన్ని గంటలు కూర్చునేవాళ్లో మీరే ఊహించుకోండి.

ఇక్కడ నాకొచ్చిన అనుమానం వినండి. పనితో విసిగిపోయి, పనితో చచ్చిపోయి, వేరే లోకంలో పుట్టిన మనిషి ఏం చేయాలి? కాళ్లు చాపుకుని పడుకోవాలి కదా? నేనైతే అదే చేస్తాను. వీళ్లు చాలామంది ఏం చేస్తారంటే, దుకాణం తెరుస్తారు! హోటలు, బేకరీ, మందుల షాపు, బట్టల కొట్టు. దుకాణం తెరవడమంటే విశ్రాంతి అని వీళ్లకి ఎవరు చెప్పారో నాకు తెలియదు, ఒక్కరోజు నా కౌంటర్లో నిలబెడితే తెలుస్తుంది. కానీ చదువుతూ చదువుతూ ఉంటే నాకొకటి అర్థమైంది. ఆఫీసులో ఆ మనిషి చేసిన పని ఎవరి నోట్లోకి వెళ్లిందో ఎప్పుడూ చూడలేదు. కొట్లో అయితే చూస్తాడు. ఎదురుగా ముద్ద నోట్లో పెట్టుకుని కళ్లు పెద్దవి చేస్తారు చూడండి, దానికోసం. దానికోసమే నేనూ పడి ఉన్నాను ఈ పదకొండేళ్లు, లాభం చూసి కాదు, అది మా ఆడిటర్‌కి తెలుసు.

సరే, ఒక పుస్తకం తీసుకుందాం. నాకు బాగా ఇష్టమైనది 'ఇసెకాయ్ ఇజకాయా నోబు'. నత్సుయా సెమికావా అనే ఆయన ఆ సైటులోనే 2012లో మొదలుపెట్టారు. 2015 నుంచి 'యంగ్ ఏస్' పత్రికలో మాంగాగా వస్తోంది, బొమ్మలు వర్జీనియా నితోహెయ్. ఇజకాయా అంటే ఏమిటో చెప్పాలి. బారు అనుకోవద్దు, మెస్సు అనుకోవద్దు. సాయంత్రం ఆఫీసయ్యాక టై వదులు చేసుకుని నలుగురు కూర్చుని తాగుతూ చిన్న చిన్న గిన్నెల్లో ఏవో ఒకటి తింటూ మాట్లాడుకునే చోటు. కూర్చోగానే వేడి తడి తువ్వాలు ఇస్తారు చేతులు తుడుచుకోవడానికి. అడక్కుండానే చిన్న గిన్నెలో ఏదో పెడతారు, దాన్ని బిల్లులో కలుపుతారు కూడా. అడక్కుండా పెట్టి డబ్బులు తీసుకోవడం! నేను ఉల్లిపాయ ముక్కలకి అయిదు రూపాయలంటేనే గొడవకొస్తారు ఇక్కడ.

కథ ఏమిటంటే క్యోటోలో ఒక చిన్న ఇజకాయా. దాని ముందు తలుపు ఒకరోజు నుంచి వేరే లోకంలోని ఐతేరియా అనే పాత పట్టణంలోకి తెరుచుకుంటోంది. వెనక తలుపు మాత్రం ఇంకా జపాన్‌లోనే. ఎందుకలా అయింది అని ముందు పేజీల్లో ఎవరూ పెద్దగా బుర్ర పాడుచేసుకోరు. యజమాని వంటాయన నొబుయుకి, వడ్డించే అమ్మాయి షినోబు. వచ్చేవాళ్లు హాన్స్, నికొలౌస్, బెర్టోల్ట్ లాంటి జర్మనీ పేర్లున్న కోట సిపాయిలు, గాజుపని వాళ్లు, పాదిరీలు.

మొదట ఇద్దరు సిపాయిలు వస్తారు. జపాన్‌లో ఇజకాయాలో కూర్చోగానే అందరూ అనే మాట ఒకటుంది, 'తొరియాయెజు నామా' అని. తొరియాయెజు అంటే 'ముందైతే', 'ప్రస్తుతానికి'. నామా అంటే డ్రాఫ్ట్ బీరు. ముందైతే ఒక బీరు ఇవ్వండి, తర్వాత చూద్దాం, అని. ఈ సిపాయిలకి ఆ సంగతి తెలియదుగా, ఆ పానీయం పేరే తొరియాయెజునామా అనుకుంటారు. ఊరంతా అదే పేరు పాకిపోతుంది. "అక్కడ తొరియాయెజునామా అని ఒకటి దొరుకుతుందట, అమృతమట" అని. ఈ జోకు మనకి ఎలా చెప్పాలంటే, ఎవరో పరాయి లోకంవాడు మన టిఫిన్ సెంటర్‌కి వచ్చి, పక్క టేబులాయన "ముందు రెండిడ్లీ" అనడం విని, ఊరెళ్లి తన పెళ్లానికి "ముందురెండిడ్లీ అని ఒక తెల్లటి పదార్థం ఉందే, ఏం మెత్తగా ఉందో!" అని చెప్పాడనుకోండి. అదీ. నేను చదివినంతలో ఆ పేరు సరిదిద్దే ప్రయత్నం ఎవరూ చేయరు. కస్టమరు ఏ పేరుతో అడిగితే ఆ పేరే దాని పేరు. నా దగ్గర ఒకాయన పదేళ్లుగా దొండకాయ వేపుడుని "ఆ పచ్చది" అంటాడు, పచ్చదే ఇస్తాను.

ఆ బీరు చుట్టూనే ఒక గట్టి కథ నడుస్తుంది. ఆ లోకంలో అందరూ తాగేది ఏల్ అనే రకం బీరు, గోరువెచ్చగా, మట్టి రంగులో. ఈ కొట్లో వచ్చేది లాగర్ అనే ఇంకో రకం, చల్లగా, అవతల మనిషి కనిపించేంత తేటగా. లాగర్ మీద ఆ రాజ్యంలో నిషేధం ఉంది. కాబట్టి వీళ్లు దొంగసరుకు అమ్ముతున్నారని ఆరోపణ వస్తుంది. నాకు అక్కడ ఆసక్తి పుట్టి వెతుక్కుంటే తెలిసింది, ఇది మరీ గాల్లోంచి తీసింది కాదండీ. లాగర్ అనే మాటే జర్మన్‌లో 'నిలవ చేయడం' నుంచి వచ్చింది. చలిలో నెలల తరబడి నిలవ పెడితేనే అది తయారవుతుంది. ఐసు మిషన్లు లేని రోజుల్లో ఎండాకాలం పెడితే పాడైపోయేది. అందుకని 1553లో జర్మనీ వైపు బవేరియాని ఏలే డ్యూకు ఏప్రిల్ 23 నుంచి సెప్టెంబర్ 29 దాకా బీరు తయారీయే నిషేధించాడు. అంటే చలికాలపు సరుకు. అలాంటి లోకంలో నడివేసవిలో చన్నీళ్లంత చల్లటి లాగరు పోస్తున్నాడంటే మరి అనుమానం రాదూ? ఫ్రిజ్ అన్నమాటండీ అక్కడ అసలు మంత్రం. మాంత్రికుడు కాదు, ఫ్రిజ్.

పన్నులవాడు కూడా వస్తాడు. గెర్నోట్ అని, పన్ను వసూలు కాంట్రాక్టు తీసుకున్న మనిషి. తప్పు పట్టాలనే వస్తాడు, ముఖంలోనే తెలుస్తుంది. ఆ రకం ముఖం నాకు కొత్త కాదు, ఏ ఆఫీసు అని నన్నడక్కండి. అయితే వాడికి నపొరితాన్ పెడతారు. ఈ నపొరితాన్ కథ చెప్పకపోతే నాకు నిద్ర పట్టదు. పేరు వింటే ఇటలీ నేపుల్స్ అనిపిస్తుంది. స్పగెట్టీలో కెచప్ వేసి, ఉల్లిపాయ, క్యాప్సికం, సాసేజీ ముక్కలతో వేపుతారు. ఇటలీవాడికి చూపిస్తే ఏడుస్తాడు. రెండో యుద్ధం తర్వాత యొకొహామాలో ఒక పెద్ద హోటల్లో పుట్టిందని చెబుతారు, ఊరూరా కాఫీ కొట్లకి పాకింది కెచప్‌తోనే. మన గోబీ మంచూరియా మంచూరియాలో లేనట్టే ఇదీ నేపుల్స్‌లో లేదు. ఇప్పుడు చూడండి తమాషా. జర్మన్ పేరున్న ఒక యూరప్‌లాంటి లోకపు అధికారికి, ఇటలీ పేరు పెట్టుకున్న జపాన్ వంట పెడితే, వాడు దాన్ని జపాన్ వింతగా చూసి పడిపోతాడు. మళ్లీ మళ్లీ వస్తాడు తర్వాత. పన్ను సంగతి ఏమైందని అడక్కండి.

ఇది ఒక్క పుస్తకంలో జోకు కాదు. 'ఇసెకాయ్ షొకుదో' అని ఇంకోటి ఉంది, జుంపెయ్ ఇనుజుకా రాసింది, 2017లో మొదటిసారి యానిమే వచ్చింది. జపాన్‌లో నెకోయా అనే హోటలు. దాని గుర్తు పిల్లి. శనివారం మామూలు జనానికి సెలవు, ఆ ఒక్కరోజు వేరే లోకంలో అక్కడక్కడా తలుపులు ప్రత్యక్షమై, కత్తియోధులు, బల్లిమనుషులు, మాంత్రికులు వచ్చి తింటారు. ఒక్కొక్కరికీ ఒక్క వంటకం ఇష్టం, ఆ పేరుతోనే ఒకర్నొకరు పిలుచుకుంటారు. "ఏం తొంకాట్సు, ఈరోజు ఆలస్యమైంది?" అన్నట్టు, తొంకాట్సు అంటే వేపిన పందిమాంసం కట్లెట్టు. నాకిది ప్రాణం లేచొచ్చేంత నిజం అనిపించింది, ఎందుకంటే నా కస్టమర్ల పేర్లు నాకు తెలియవు, నా పుస్తకంలో బాకీలు "రసం మాస్టారు", "రెండు పెరుగు", "కాకర అమ్మ" అనే ఉంటాయి. అక్కడికి ఒక ఎర్ర డ్రాగన్ రాణి కూడా వస్తుంది. బీఫ్ స్టూ తిని, ఇంటికి ఒక పెద్ద గిన్నె నిండా పట్టుకెళ్తుంది. ఆ హోటలు తన నిధి అని ప్రకటించుకుంది కాబట్టి ఎవడూ దాని జోలికి పోడు. సెక్యూరిటీ ఖర్చు సున్నా.

ఆ హోటల్లో పెట్టేవన్నీ చూడండి. తొంకాట్సు, ఆమ్లెట్ అన్నం, రొయ్యల వేపుడు, కర్రీ రైస్. జపాన్‌లో వీటిని 'యోషొకు' అంటారు, అంటే పాశ్చాత్య భోజనం. వందా వందన్నర ఏళ్ల క్రితం యూరప్ నుంచి వచ్చినవాటిని తమకి తగ్గట్టు మార్చుకున్నవి. జపాన్‌లో మాంసం తినడం మీద పాతకాలం నుంచి నిషేధాలూ అయిష్టాలూ ఉండేవి. 1872 జనవరిలో మెయ్జీ చక్రవర్తి తానే గొడ్డుమాంసం తిన్నాడని జనానికి తెలియజేశారు, మీరూ తినండి, పాశ్చాత్యుల్లా బలం తెచ్చుకోండి అని. అప్పుడు ఆశ్చర్యంతో నోరు తెరిచింది ఎవరు? జపాన్ వాళ్లే. ఇదేమి రుచి, ఇదేమి వాసన, ఫోర్కు ఎలా పట్టుకోవాలి అని కంగారుపడింది వాళ్లే. ఇప్పుడు అదే వంటకాలు పట్టుకుని కాగితం మీద గీసిన యూరప్‌కి వెళ్లి, అక్కడివాళ్లతో నోరు తెరిపిస్తున్నారు. నాకైతే ఇది వడ్డీతో సహా బాకీ తీర్చుకోవడంలా అనిపిస్తుంది. ఎవరూ అలా అనుకుని రాయలేదేమో, నాకు అనిపించింది చెప్తున్నా, ఒప్పుకోకపోతే చివర్లో తిట్టండి.

అయితే అన్నీ ఇంత బాగుండవు. పది చదివితే ఎనిమిది విసుగు. మయొనీజ్ తెస్తాడు, ఊరు ఊరంతా కాళ్ల మీద పడుతుంది. సబ్బు చేస్తాడు, రాజకుమారి పెళ్లాడతానంటుంది. ఆ లోకం వాళ్లకి నాలుకలు లేవా, బుర్రలు లేవా? వెయ్యేళ్లుగా వంట చేసుకుంటున్న జనం గుడ్డూ నూనే కలిపితే ఏమవుతుందో కనుక్కోలేరా? ఇంకోటి, వీళ్లకి సరుకు ఎప్పుడూ మిగలదు, పాడవదు. గ్యాస్ బండ అయిపోదు. సాయంత్రం ఏడున్నరకి జనం లైన్లో ఉన్నప్పుడు సిలిండర్ అయిపోవడమంటే ఏమిటో తెలియని వాడు హోటలు కథ రాయకూడదని నా అభిప్రాయం. నోబులో కనీసం ఆ సంగతికి జవాబుంది. వెనక తలుపు. సరుకంతా ఆ తలుపులోంచే, జపాన్ నుంచే వస్తుంది. చదివేవాళ్లందరూ ముందు తలుపు చూసి అబ్బ అంటారు. నేను మాత్రం వెనక తలుపు చూసి అబ్బ అనుకున్నాను.

ఇప్పుడు ఆ గడప మీది పుస్తకం. పెద్దవాళ్లే ఉన్నారుగా? పోస్టరు మీద కూడా రాశారు. 'ఇషుజొకు రివ్యూవర్స్'. రాసింది అమహరా, బొమ్మలు మాషా, 2016 నుంచి. సాహసవీరులు నలుగురు. ఒకడు మనిషి, ఒకడు కోసుచెవుల ఎల్ఫ్, ఒకడు హాఫ్లింగ్ అనే పొట్టిజాతి, ఇంకొకరు తల మీది కాంతివలయం విరిగి స్వర్గానికి తిరిగి వెళ్లలేకపోతున్న దేవదూత. ఆ లోకంలో వేశ్యావాటికలు చట్టబద్ధమైన వ్యాపారం, ఒక్కో జాతికి ఒక్కోటి. వీళ్లు వాటికి వెళ్లొచ్చి పదికి ఇన్ని మార్కులని రాసి సత్రంలో గోడకి అంటిస్తారు, జనం గుమిగూడి చదువుతారు. అంతే కథ. బూతే, కాదనను. నేను మా ఇంట్లో ఎవరికీ చూపించలేదు. కానీ హోటలు నడిపే ఆడదానిగా నాకు అందులో వేరే విషయం పట్టుకుంది.

మొదటి భాగంలోనే గొడవ. ఎల్ఫ్ జాతి ఆవిడకి 500 ఏళ్లు దాటాయి. చూడ్డానికి పాతికేళ్లే. మనిషి పదికి దగ్గరగా మార్కులు వేస్తాడు. ఎల్ఫ్ మాత్రం ముక్కు మూసుకుంటాడు, వాడికి ఆవిడ వయసు ఒంట్లోని మాయాశక్తిలో తెలిసిపోతుంది, మా నాన్నమ్మ వయసు కదా అంటాడు. అదే వాడు యాభై ఏళ్ల మనిషి ఆడదానికి ఆకాశమంత మార్కులు వేస్తాడు, యాభై అంటే వాళ్ల లెక్కలో పసిపిల్ల కదా. మనిషి తల పట్టుకుంటాడు. ఎవరిది నిజం? ఇద్దరిదీ నిజమే. మరి మార్కులకి అర్థమేమిటి? ఇక ఆ దేవదూత దాదాపు అన్నిటికీ బోలెడు మార్కులు ఇచ్చేస్తాడు, పాపం ఎవర్నీ నొప్పించలేడు.

ఇది చదివిన వారంలోనే నాకు ఏం జరిగిందో చెప్తాను. ఫుడ్ డెలివరీ యాప్ ఒకదాంట్లో మా కొట్టు ఉంది, పేరెందుకు. ఒకే సాయంత్రం, ఒకే గిన్నెలో గోంగూర పప్పు. ఒకరు రాశారు, "పులుపు అస్సలు లేదు, గోంగూర పేరుకే" అని ఒక స్టారు. నలభై నిమిషాల తర్వాత ఇంకొకరు, "పులుపు చంపేసింది, పళ్లు జివ్వుమన్నాయి" అని రెండు స్టార్లు. ఒకే గిన్నె అండీ! నేను గరిటె కూడా మార్చలేదు. మూడో ఆయన అయిదు స్టార్లు ఇచ్చి, "నేను తినలేదు, మా తమ్ముడు తిన్నాడు, వాడేం చెప్పలేదు" అని రాశాడు. ఆయనే మా దేవదూత. మొదటాయన గుంటూరు వైపు నుంచి వచ్చుంటాడు, రెండో ఆయన ఎటు నుంచో. వాళ్లది ఏ జాతో రాయరుగా స్టారు పక్కన. ఆ మాంగాలో రాస్తారు, మనిషి, ఎల్ఫ్ అని. మన యాప్ కన్నా ఆ సత్రం గోడే నయం.

ఒక్కటి మాత్రం నాకు మింగుడుపడలేదు. అక్కడ మార్కులు వేసేది కస్టమర్లే, పని చేసే ఆడవాళ్లు మార్కులు వేయించుకునేవాళ్లే. వాళ్లు కస్టమర్లకి మార్కులేసిన గోడ నేను చదివినంతలో కనబడలేదు. నాకు కావలసింది ఆ గోడండీ. "చిల్లర ఇవ్వడు, కూర మీద వేలు పెట్టి చూపిస్తాడు, పదికి రెండు." ఎంత హాయిగా ఉండేది! హాస్యం అక్కడ సగంలో ఆగిపోయిందని నా ఫిర్యాదు. దాని యానిమే 2020 జనవరిలో మొదలైంది. అమెరికాలో ఫనిమేషన్ అనే సంస్థ మూడు ఎపిసోడ్లు పెట్టి తీసేసింది. టోక్యో ఎంఎక్స్ అనే టీవీ చానెల్ కూడా ఫిబ్రవరిలో మధ్యలోనే ఆపేసింది. రివ్యూల మీద కథకి వచ్చిన రివ్యూ అది.

అవతల కూర్చున్న సుబ్బారావుగారు ఇందాకటి నుంచి చెయ్యి ఎత్తుతున్నారు. ఏమిటండీ? ఆ, మనకి ఇలాంటివి లేవా అంటున్నారు. ఎందుకు లేవండీ! 'యమగోల' గుర్తు లేదూ? 1977. రామారావుగారు యమలోకానికి వెళ్లి ఏం చేశారు? యమభటులకి హక్కుల గురించి చెప్పి సమ్మె చేయించారు! నినాదాలతో సహా. యమధర్మరాజు యాజమాన్యం, భటులు కార్మికులు. అప్పట్లో మన దగ్గర యూనియన్ల కాలం కాబట్టి పరలోకానికి యూనియన్ వెళ్లింది. ఇప్పుడు జపాన్‌లో ఆఫీసుల కాలం, దుకాణాల కాలం కాబట్టి అవి వెళ్తున్నాయి. సమ్మె చేసే హీరో మాత్రం ఈ మాంగాల్లో నాకు పెద్దగా తగల్లేదు, ఓవర్‌టైముతో చచ్చిపోతాడు గానీ సమ్మె చేయడు. అది నన్ను కొంచెం బాధపెట్టింది, నిజంగా.

దీన్ని తిరగేసినవి కూడా ఉన్నాయి. 'హతరకు మావో-సామా', 2011లో నవలగా మొదలైంది. రాక్షసరాజు ఓడిపోయి టోక్యోకి పారిపోయి వచ్చి, హతగాయాలో ఒక బర్గర్ల కొట్లో పార్ట్‌టైము చేస్తాడు. లోకాన్ని జయించాల్సిన వాడికి ఆ రోజు బంగాళదుంప వేపుళ్లు ఎన్ని అమ్ముడుపోయాయన్నదే బెంగ. ఇంకోటి, మామూలు సేల్స్ ఉద్యోగిని రాక్షసరాజే పిలిచి నువ్వు నా నలుగురు సేనాధిపతుల్లో ఒకడివి అని ఉద్యోగం ఇస్తాడు, 2025 జనవరిలో యానిమే వచ్చింది. వాడికి మంత్రాలు రావు, కత్తి రాదు. వచ్చిందల్లా అవతలివాడు చెప్పేది పూర్తిగా విని, వాడికి ఏం కావాలో కనుక్కుని బేరం కుదర్చడం. మా ఇంటి దగ్గర కూరగాయల ఆవిడకి వచ్చిన విద్య. ఆవిడని ఏ రాక్షసరాజూ పిలవలేదు, పిలిస్తే రాజ్యం రెండు రోజుల్లో ఆవిడ పేరు మీద ఉంటుంది.

ఎక్కడ చదవాలి అని అడుగుతున్నారు. నోబు, రివ్యూవర్స్ రెండూ ఇంగ్లీషులో పుస్తకాలుగా వచ్చాయి, నేను అవే చదివాను. యానిమేలకి ఈమధ్య తెలుగు డబ్బింగులు వస్తున్నాయి, 'సోలో లెవెలింగ్' తెలుగులో వచ్చింది కదా, కానీ అది కొట్లాట కథ. ఈ వంట కథలు తెలుగులో వస్తే, 'తొరియాయెజు నామా'ని ఏం చేస్తారో చూడాలని నాకు భలే కోరికగా ఉంది. అలాగే వదిలేస్తే జోకు పోతుంది, మారిస్తే బీరు పోతుంది.

ఆ చివరన ఎవరో అమ్మాయి అడిగింది, వినబడిందా అందరికీ? "ఆంటీ, మీ కొట్టు ముందు తలుపు ఏ లోకంలోకి తెరుచుకుంటే బాగుంటుంది?" అని. ముందు తలుపు ఎక్కడికైనా తెరుచుకోనీ అమ్మా, రాక్షసులైనా సరే, ఆకలేస్తే తింటారు, చిల్లర తెస్తే చాలు. నాకు వెనక తలుపు కావాలి. అది రైతుబజారులోకి తెరుచుకోవాలి, ఉల్లిపాయలు కిలో పదిహేను ఉన్న రోజులోకి, ఆ రోజు అక్కడే ఆగిపోవాలి.

అయిదు అయిపోయిందా? అయ్యో. చింతపండు నానబెట్టి వచ్చాను, వెళ్లాలి. ఆ చీటీ ఎక్కడ పెట్టాను... మినప్పప్పు దాని మీదే ఉంది.